గడియారాల తాతగారి పగటి దొంగతనాలు

ఎవరైనా అరుస్తుంటే, ఎందుకు అరుస్తున్నారో తేల్చుకునేదాకా గడియారాల తాతగారికి ముద్ద దిగదు. అందరూ చెవులు మూసుకునే చోట ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కారణం దొరికి ఆ మనిషి శాంతించగానే, జేబులోంచి వేయించిన వేరుశనగ గింజ ఒకటి తీసి అరచేతిలో పెడతారు. ఎందుకిదని అడిగితే, "ఊరుకున్నందుకు" అంటారు.

ఆయన సాధించినవి తక్కువేమీ కావు. కూరగాయల బండివాడు వీధి అదిరేలా కేకలు పెడుతుంటే జనమంతా తిట్టిపోశారు. తాతగారు మాత్రం బండి వెంట సందుసందూ నడిచి, చక్రం కీచుమంటుంటే వాడి కేక వాడికే వినపడటం లేదని కనిపెట్టారు. గడియారాలకు వేసే నూనె సీసాడూ ఇరుసులో ఒంపారు. ఆ పూటనుంచి వాడు మామూలు మనిషిలా పిలవడం మొదలుపెట్టాడు. పక్కవాటా డ్రిల్లు మాస్టారు టీవీ మీద విరుచుకుపడుతుంటే వెంటబెట్టుకెళ్ళి కళ్ళద్దాలు మార్పించారు. పాపం ఆయన స్కోరు కనపడక, గెలుస్తున్న జట్టును పట్టుకుని ఇన్నాళ్ళూ తిట్టారు. ఇంట్లో మామ్మగారి విషయంలో మాత్రం పరిశోధన పెళ్ళయిన నాటినుంచీ సాగుతూనే ఉంది.

సరిగ్గా ఆయన నెత్తిమీది వాటాలో టైలరమ్మ అద్దెకుంటుంది. గుడ్డపీలికల బుట్టలో పెరిగిన నల్లకుక్క ఒకటి ఆమె కుట్టుమిషను కిందే పడుకుంటుంది. పేరు బొగ్గు. అది మొరిగితే మేడ మేడంతా మేలుకుంటుంది. చివరికి ఇల్లుగలాయన వచ్చి, తాను ఊరెళ్ళి తిరిగొచ్చేలోగా కుక్క నోరు మూయించమనీ, లేకపోతే కుక్కో ఆవిడో ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చెయ్యాలనీ తేల్చి చెప్పాడు. ఎవరు ఫిర్యాదు చేశారండీ అని టైలరమ్మ అడిగితే, కింది గడియారాలాయన పేరు చెప్పి మెట్లు దిగాడు.

కుక్కను వదిలి ఆమె ఉండలేదు. ఇప్పుడిప్పుడే కుదురుకున్న గిరాకీని వదిలి ఇంకో వీధికి పోనూలేదు. అలాంటి సమయంలో, మర్నాడే తాతగారు పైకొచ్చి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదెందుకు మొరుగుతుందమ్మా?" అన్నారాయన.

"కుక్క కదండీ. మీలాంటివాళ్ళు అడుగుతారనే మొరుగుతుంది."

ఆయన నొచ్చుకోలేదు. "నువ్వు కసిరితే ఊరుకుంటుందా?"

"ఇంకా ఎక్కువ చేస్తుంది."

"చెయ్యదూ మరి. తను మొదలెట్టగానే అమ్మ కూడా గొంతు కలుపుతోంది, విషయం చాలా పెద్దదే అనుకుంటుంది."

టైలరమ్మ మిషను తొక్కడం ఆపింది. ఇన్నాళ్ళూ తాను కుక్కకు తోడుగా మొరుగుతున్నానన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తాతగారు పూటంతా కదల్లేదు. వచ్చేవాళ్ళను చూసి బొగ్గు తోకాడించింది. కొలతలిస్తుంటే ఆవులించింది. వాళ్ళు గుమ్మం దాటబోయేసరికి ఇల్లు ఎగిరిపోయేలా మొరుగుడు అందుకుంది. ఆయనకు అదే అంతుపట్టలేదు. రావడానికి లేని అభ్యంతరం పోవడానికెందుకు? ఒకావిడను బతిమాలి, కుట్టిన బట్టలు బల్లమీదే పెట్టి ఉత్తచేతులతో బయటికి నడవమన్నారు. బొగ్గు చెవి కూడా కదపలేదు. సంచి పట్టుకుని నడవమన్నారు. ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగింది.

తాతగారి మొహం వెలిగిపోయింది. "నువ్వు కళ్ళు పోగొట్టుకుని కుడతావు. ఎవరో వచ్చి ఎత్తుకుపోతారు. నువ్వేమో నవ్వుతూ సాగనంపుతావు. ఈ ఇంట్లో బుద్ధున్నది తనకొక్కదానికేనని దాని బాధ."

టైలరమ్మ వంగి బొగ్గు తల నిమిరింది. ఆమె కష్టానికి ఇంతగా కాపలా కాసినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరు.

ఆ రోజునుంచి తాతగారు దొంగ అవతారమెత్తారు. ముందు మూటను బల్లమీదనుంచి ఊరికే ఎత్తేవారు. బొగ్గు నోరు విప్పేలోపే టైలరమ్మ "సరే, చూశాలే" అని నెమ్మదిగా అని, మిషను కింది గోనెపట్టా మీదికి పిలిచి ఉడికించిన గుడ్డు ముక్క పెట్టేది. తరవాత మూటతో రెండడుగులు వేసేవారు. ఆ తరవాత గుమ్మం దాకా. మధ్యలో మొరిగిందా, తిట్టూ లేదు దెబ్బా లేదు. తామే తొందరపడ్డామనుకుని, మూట మళ్ళీ బల్లమీద పెట్టి మొదటినుంచి దొంగతనం చేసేవారు. బెత్తం చూపిస్తే ఒక్కరోజులో దారికొస్తుందని డ్రిల్లు మాస్టారు సలహా ఇస్తే, బెత్తానికి భయపడటం నేర్చుకుంటుంది గానీ మూట సంగతి దానికెలా తెలుస్తుందని తాతగారు అడిగారు. మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఆయన చేతిలోనూ ఒక గింజ పడింది.

ఒకనాడు ఎదురువాటావిడ, ఆడవాళ్ళ గౌన్ల మూట చంకన పెట్టుకుని మెట్లమీద నక్కుతున్న తాతగారిని చూసి నిలబడిపోయింది. ఇదేం పని అని అడిగింది.

"దొంగతనం నేర్చుకుంటున్నానమ్మా. ఇన్నాళ్ళకి మెట్ల దాకా వచ్చింది."

ఆ కబురు మామ్మగారికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ సాయంత్రం ఆవిడ అరిచిన కారణం మాత్రం పరిశోధన అక్కర్లేకుండానే తెలిసింది.

ఇల్లుగలాయన ఊరినుంచి వచ్చాడు. తన చొక్కాలు కుట్టారా అని అడిగి, సంచి తీసుకుని గుమ్మంవైపు నడిచాడు. బొగ్గు లేచింది. మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, గొంతులో గుర్రుమంది. టైలరమ్మ గుడ్డు ముక్క చేతిలోకి తీసుకుంది. గొంతు మాత్రం పెంచలేదు. "సరే, చూశాలే" అంది. బొగ్గు సంచివైపు చూసింది, ఆమెవైపు చూసింది. లోకం ఇంతేనన్నట్టు ఓ నిట్టూర్పు విడిచి, గోనెపట్టా మీదికెళ్ళి గుడ్డు కోసం కూర్చుంది.

"నోరు గానీ కుట్టేశావా ఏంటి?" అన్నాడు ఇల్లుగలాయన.

కుక్క ఉండొచ్చన్న మాట ఆయన నోటినుంచి వచ్చాక, టైలరమ్మ ఉండబట్టలేక, కిందాయన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారా అని అడిగింది.

"ఇస్తే కదమ్మా తీసుకోడానికి. మేడలోవాళ్ళందరూ ఆవేళే కుక్కను పంపించెయ్యమని నా మీదికొచ్చారు. ఈ పెద్దాయన అడ్డం నిలబడి, నెత్తిమీద మొరిగించుకునేవాణ్ణి నేను, మొదటి ఫిర్యాదు నాది, నాది తేలేదాకా ఇంకెవరూ నోరెత్తకూడదన్నాడు. సరే చెప్పవయ్యా అంటే, ఆలోచించుకుని చెబుతానన్నాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు."

టైలరమ్మ గబగబా మెట్లు దిగింది. తాతగారు కంటికి భూతద్దం తగిలించుకుని, తలెత్తకుండా గడియారంలో దూరిపోయారు.

"మీ ఫిర్యాదేంటి తాతగారూ?"

"ఇంకా కుదరలేదమ్మా" అన్నారాయన.

వంటింట్లోంచి మామ్మగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నాకు కుదిరింది, రాసుకో. మీ కుక్క బాగుపడ్డప్పటినుంచీ ఈయన మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉంటున్నారు. కాస్త దానికి ఇంకేదైనా నేర్పమ్మా."