ప్రూఫుల బాబాయి సంతకం

ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. పుస్తకంలో ఎవరినైనా అవమానిస్తే, సొంత కూతుర్ని అన్నంతగా ఉడికిపోతాడు. అచ్చుతప్పులు పక్కన పెట్టి తగువుకు దిగుతాడు.

రచయిత్రి తన మొదటి నవల రాసింది, నల్లజాతి అమ్మాయికి ఎవరూ ఇల్లు అద్దెకివ్వని ఒక వీధి గురించి. ప్రూఫులు తిరిగొచ్చేసరికి అంచుల నిండా పెన్సిలు రాతలే. "ఇంటాయన అన్నేసి మాటలంటుంటే ఈ పిల్లకు నోరు లేదా?" అని ఒకచోట. "తెల్లాయన వచ్చి కాపాడేదాకా గుమ్మంలోనే నిలబడాలా? కాళ్లు లేవా?" అని ఇంకోచోట.

"బాబాయ్, అది కథ!" అంది రచయిత్రి.

"కథలోనైనా బతకనివ్వమ్మా."

సణుగుతూ మూడుసార్లు తిరగరాసింది. ఆఖరికి ఆ పిల్లే వీధిలోవాళ్లను కూడగట్టి ఇంటాయన్ని నిలదీసింది. నవల బాగుపడిందని రచయిత్రికి తెలుసు, పైకి మాత్రం అనలేదు.

ఆమె కడుపుమంట వేరే. అదే విషయం మీద రాసిన ఇంకో రచయిత్రి, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ పుస్తకానికి బాబాయి రెండు రోజుల్లో సంతకం పెట్టేశాడు. తన పుస్తకం తొమ్మిది రోజులుగా ఆయన బల్ల మీదే ఉంది. ఆయన సంతకం లేనిదే మిషను తిరగదు. సోమవారమే పుస్తక ప్రదర్శన.

"పెద్దక్క నాకంటే అంత బాగా రాసిందా?" అని వెళ్లి నిలదీసింది.

బాబాయి సొరుగులోంచి ఆమె నవల అట్ట ప్రూఫు తీశాడు. దాని మీద పాలుపోసినట్టు తెల్లగా ఒక అమ్మాయి. పక్కనే పెన్సిలుతో, "ఎవరీమె? లోపలెక్కడా కనబడలేదే!"

"అట్ట మీద నల్లపిల్ల ఉంటే అమ్ముడుపోదని ఓనరు రంగు తగ్గించమన్నాడు. సంతకం పెట్టకపోతే ఇంటికి పొమ్మన్నాడు."

"నాకు చెప్పలేదేం?"

"ప్రదర్శన పోతుందని నువ్వే సరేనంటావేమోనని భయమేసిందమ్మా."

నిజమే, సరేననేదే. రచయిత్రికి సిగ్గేసింది. తిన్నగా ఓనరు గదిలోకి వెళ్లి, "రంగు మార్చండి, లేదా నా నవల నాకిచ్చేయండి. బాబాయి ఉద్యోగం జోలికొస్తే పెద్దక్కను కూడా తగువుకు తీసుకొస్తాను," అంది. సాయంత్రానికి చిత్రకారుడు కొత్త బొమ్మ పట్టుకొచ్చాడు. బాబాయి తృప్తిగా సంతకం పెట్టాడు.

అయినా ఆమె మనసు ఊరుకోలేదు. "మరి పెద్దక్క పుస్తకానికి ఈ గొడవేం లేదేం?"

"ఆవిడ అట్ట మీద ఉన్నది చెట్టమ్మా. చెట్టును తెల్లబరచమని ఎవరూ అడగరు."

రచయిత్రికి ఈసారి ఆ చెట్టు మీద అసూయ పుట్టింది.