ఇరవయ్యో ప్రశ్న

మా ఊళ్ళో జీతగాళ్ళు లేరని నివేదికలో అచ్చేశారు. అది తప్పు. పదకొండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒకడు నా భార్య తమ్ముడు.

తొంభైల తొలి ఏళ్ళ మాట. తీసుకున్న అప్పు కింద ఏళ్ళకేళ్ళు పటేలు ఇంట్లో పశువులతో, మడితో కట్టుబడి ఉండేవాణ్ణి మా మోత్కూర్ దిక్కు జీతగాడంటారు. అట్లాంటి వాళ్ళను విడిపించి, సర్కారు చేత విడుదల కాగితం ఇప్పించే కార్యక్రమం ఒకటి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నడిచేది. పని నిజంగా జరుగుతున్నదా లేదా చూసి రాయడానికి ఊరికొకరు కావాలన్నారు. నేను పోయాను. తొమ్మిదేళ్ళు జీతం చేసినవాణ్ణి, నాకంటే ఎవడికి తెలుసు? బడి మెట్టు ఎక్కలేదు గానీ, పటేలు కొట్టంలో పేర్చిన ఎరువుల బస్తాలే నాకు పలకలు. వాటి మీద రాసింది యూరియా అని అందరూ పలికేదే. ఆ పలుకులో ఏ ముక్క ఏ అక్షరమో నాకు నేనే పట్టుకున్నాను.

నల్లగొండలో నాలుగు రోజుల శిక్షణ. హైదరాబాదు నుంచి వచ్చిన సారు గోడకు పెద్ద కాగితం అంటించి, "సూచిక అంటే కంటికి కనబడాలి. అడిగితే అవునో కాదో తేలాలి" అన్నాడు. మంచి మాటే. అప్పటికి ఆయన మీద నాకు కోపం లేదు. "ఒక మనిషి విడుదలయ్యాడని మీరెట్లా గుర్తుపడతారు?" అని అడిగాడు. ఒకరు విడుదల కాగితం అన్నారు, ఒకరు బ్యాంకు పుస్తకం అన్నారు. నేను లేచాను.

"సుట్టాలింట్ల సావైతే ఎవర్నీ అడగకుండ పోతడా, పోడా? గది సూడుండ్రి సార్."

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంతకుముందు ఏడే మా అత్త చనిపోయింది. కన్నకొడుకు, అదే మా బామ్మర్ది, వస్తాడని వాగు గడ్డన శవాన్ని దించి కూర్చున్నాం. పటేలు మడి తడిసేదాకా వాణ్ణి వదల్లేదు. పొద్దు గూకుతున్నదని మట్టి పోసేశాం. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, ఆ మట్టికుప్ప ముందు నిలబడి, వాడు ఏడవను కూడా లేదు. "ఇంకో మడి ఉంది బావ" అని చెప్పి వెనక్కి పోయాడు.

సారు నన్ను పూర్తిగా విన్నాడు. "చాలా మంచి ప్రశ్న అన్నగారూ. కానీ ఫారాలు అచ్చయిపోయాయి. పంతొమ్మిదే ప్రశ్నలు" అన్నాడు.

నారాయణపేట నుంచి వచ్చిన నేత ఇంటి అక్క ఊరుకోలేదు. "చీర కొనేటోళ్ళు అంచు సూసి పోతరు సార్. నడుమల పోగు ఏడ తెగిందో నేసినోళ్ళకే ఎరుక. గీ అన్న మాట జర ఇనుండ్రి."

విన్నాడు. పెద్ద కాగితం మీద నా ప్రశ్న నీలం రంగుతో రాశాడు. నాలుగో రోజు ఆ కాగితాన్ని చాపలా చుట్టి జీపులో వేసుకుని పోయాడు. అంతే.

మార్చి నెలాఖరులో మదింపు బృందం వస్తుందని కబురు చేశారు. ఆ ఏడు ఉగాది కూడా ఆ వారమే. మా దిక్కు జీతం ఉగాదికి పట్టి మళ్ళీ ఉగాదికి ఒడుస్తుంది. పాత ఏడు ఒడిసి కొత్త ఏడు కుదిరేదాకా నాలుగైదు రోజులు జీతగాడు తన ఇంట్లో తన పిల్లల మధ్య ఉంటాడు. ఏడాది మొత్తంలో అవే నాలుగైదు రోజులు. నల్లగొండకు పోయి ఆఫీసులో మొత్తుకున్నాను.

"నెల ఆగి రాండ్రి సార్. గిప్పుడొస్తె ఊళ్ళె ఒక్క జీతగాడు దొరకడు."

"మార్చి దాటితే నివేదిక పంపలేమన్నా."

"మీ మార్చి కోసం మా ఉగాది ఆగదు సార్."

వచ్చారు. బడి అరుగు మీద కుర్చీలు వేసుకుని ఒక్కొక్కణ్ణే పిలిచారు. "ఎవరి దగ్గరైనా జీతం ఉన్నావా?" అని బామ్మర్దిని అడిగారు. "లేను సార్" అన్నాడు. పదకొండు మందీ అదే మాట. నేను లేచి చెప్పబోతే, శిక్షణ పొందినవాడు మధ్యలో మాట్లాడకూడదన్నారు. జీపు పోయాక వాణ్ణి పట్టుకున్నాను.

"ఏందిర, గట్ల జెప్పినవ్?"

"అబద్దమాడిన్నా బావ? ఇయ్యాల లేను గద. ఎల్లుండి సంది ఉంట."

"మరి గా మాట జెప్పొద్దార!"

"వాళ్ళు ఎల్లుండి సంగతి అడగలే."

చెప్పినట్టే మూడో పొద్దు పటేలు ఇంటికి పోయాడు.

వానలు మొదలయ్యాక నివేదిక వచ్చింది. జీతగాళ్ళు లేని గ్రామాల పేజీలో మా ఊరు. ఆ పేజీలో పేరెక్కిన ఊరికి ఇక ఎవరూ రారు, విడుదల కాగితాలూ రావు. ఆఫీసుకు పోతే, పైకి పోయిన నివేదిక మారదన్నారు. అప్పుడు మొదలుపెట్టాను, ఆ ఆఫీసుకే పోస్టు కార్డులు. అమావాస్యకొకటి. కార్డుకొక సంగతి. "ఈ నెల ఒకడు భార్యను కాన్పుకు దవాఖానకు తీసుకుపోతానని అడిగాడు. పంపలేదు." "ఈ నెల ఒకడు జ్వరంతో కొట్టంలో పండుకుంటే పటేలు మనిషి వచ్చి లేపుకుపోయాడు." ప్రతి కార్డు చివరా అదే ప్రశ్న, నల్లగొండలో నేను లేచి అడిగింది.

నా భార్య, "వాళ్ళకు సదువొస్తదా రాదా, అది కనుక్కో ముందు" అనేది. పోస్టుమాస్టరు, "ఏందన్నా, గా ఆఫీసోళ్ళతోని వియ్యమందుతున్నవా? నెల నెలా రాస్తున్నవ్" అని ముద్ర గుద్దేవాడు.

పటేలు కూడా వినకుండా ఉంటాడా? అంగడి తొవ్వలో ఆపాడు.

"ఏమిర, కాయితాలు రాస్తున్నవంట. ఏ బడిల సదివినవ్ర నువ్వు?"

"మీ కొట్టంలనే పటేలా. బస్తాల మీద."

ఆయన వెంట ఉన్న మనిషి నవ్వు ఆగక దగ్గు తెచ్చుకున్నాడు. ఆ నెల కార్డు నేను పెద్ద అక్షరాలతో రాశాను.

ఇంకో ఉగాది వచ్చి పోయింది. బామ్మర్ది నాలుగు రోజులు ఇంట్లో ఉండి మళ్ళీ పోయాడు. పన్నెండో కార్డు పోస్టు చేసి వస్తున్నప్పుడు పోస్టుమాస్టరే వెనక నుంచి పిలిచి కవరు చేతిలో పెట్టాడు. ఇంటికి పోలేదు. నేరుగా పటేలు మడి గట్టు మీదికి పోయి, నాగలి వెనక ఉన్న బామ్మర్దికి వినబడేటట్టు, బావి కాడ మంచంలో ఉన్న పటేలుకు కూడా వినబడేటట్టు, గట్టిగా చదివాను:

"మీ కార్డులన్నీ అందినవి. మీ గ్రామంలో ఉగాది వారంలో వివరాలు సేకరించడం మా పొరపాటు. జీతగాళ్ళు లేని గ్రామాల జాబితా నుంచి మీ గ్రామం పేరు తీసివేశాము. శ్రావణమాసంలో మళ్ళీ వస్తాము. 'చుట్టాల ఇంట్లో చావైతే ఎవరినీ అడగకుండా పోగలవా?' అన్నది ఫారంలో ఇరవయ్యో ప్రశ్నగా చేర్చినాము. దానిని అడగడానికి మా వెంట మీరు రావలెను. ఇక కార్డులు రాయనవసరం లేదు."