తాళాలక్క లాప్‌టాప్ బేరం

ఆ సందు మొగలో, మెట్ల కింద, ఇద్దరు కూర్చుంటే మూడోమనిషి బయట నిలబడాల్సినంత చోటులో తాళాలక్క కొట్టు ఉంది. గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు, బల్ల మీద చిన్న మిషను, దాని పక్కన అరిగిపోయిన ఆకురాయి. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, పదిహేనేళ్లుగా ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. సరుకుల లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదుండే వాళ్లాయన ఫోన్‌లో కూడా ఆవిడ తాళాలక్కే.

ఆవిడకి ముక్కు మీద కోపం. దానికి తోడు ఒక నియమం. ఎదురుగా తాళం లేకుండా తాళంచెవి చెయ్యదు. తాళం పట్టుకురావాలి, లేదా ఆవిణ్ణే తలుపు దగ్గరికి తీసుకెళ్లాలి. కోసిన చెవిని మూడుసార్లు తిప్పి చూపించాకే డబ్బులు ముట్టుకుంటుంది. తొందరలో ఉన్న పెద్దమనుషులు పాత చెవిని ఫోన్‌లో ఫొటో తీసి తెస్తారు. "ఫొటో చూసి పెళ్లి చేసుకోండి, మీ ఇష్టం. తాళంచెవి మాత్రం చేయించుకోకండి" అని పంపించేస్తుంది. వాళ్లు పొగరంటారు. పొగరే. పని తెలిసినవాళ్లకి ఆ మాత్రం ఉండకపోతే మన తలుపులేవీ తెరుచుకోవు.

ఆవిడకి ఒక్కతే కూతురు, పదకొండేళ్లది. మాటలొచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల నోట మొదట వచ్చేది "ఎందుకు" అన్న మాటే. ఆకురాయీ ఇనుమే, చెవీ ఇనుమే కదా, ఒకటి ఇంకోదాన్ని ఎందుకు కొరుకుతుంది? లారీకి వెనకాల అన్ని చక్రాలెందుకు? అందుకని ఎందుకమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. ఒకసారి విన్నదంటే మరిచిపోదు. పుస్తకం తెరిస్తేనే చిక్కు. అక్షరాలు వరసలో నిలబడవు. ఒకదాన్ని పట్టుకునేలోపు దాని ముందుది జారిపోతుంది. పక్కపిల్లలు పాఠం ముగించేసరికి ఈ పిల్ల ఐదో లైనులో చెమటలు కక్కుతూ ఉంటుంది. డాక్టరు పరీక్షలు పెట్టి కాయితం మీద రాసిచ్చారు: తెలివికి లోటు లేదు, చదవడంలోనే ఇబ్బంది, పైకి చదివి వినిపించే లాప్‌టాప్ ఒకటి ఇచ్చి టైపు చెయ్యనిస్తే అందరితో పాటు నడుస్తుంది.

బళ్లో పెద్ద టీచరు చెడ్డ మనిషేం కాదు. కాయితం మీద లేనిది లోకంలో లేదనుకునే మనిషి, అంతే. డాక్టరు కాయితం తీసుకుని, బదులుగా తనూ ఒక కాయితం ఇచ్చింది. అందులో బడి ఒప్పుకునే లాప్‌టాప్ పేరు ఒక్కటే ఉంది. పైగా ఒక షరతు. వచ్చే సోమవారం తనిచ్చిన పాఠం విని, పిల్ల సొంతంగా పది లైన్లు రాసి చూపించాలి. రాయలేకపోతే ఈ ఏడు కింది తరగతిలో చిన్నపిల్లలతో కూర్చోవాలి. పిల్ల మంచి కోసమే చెప్తున్నానంది. ఇంటికొచ్చి ఆ లాప్‌టాప్ ధర కనుక్కున్నాక, తాళాలక్క కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆకురాయి కింద పెట్టేసింది. కొట్టు అమ్మినా అంత రాదు.

అప్పుడు చేసింది తప్పు. ఏ తప్పుకి ఊరందరినీ తిడుతుందో, సరిగ్గా అదే తప్పు. శుక్రవారం పొద్దున పిల్లని బడికి పంపి, తనొక్కతే లాప్‌టాప్‌ల షాపుకి వెళ్లింది. పిల్లకి చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపెడదామనుకున్నానని తర్వాత చెప్పింది గానీ, అసలు సంగతి వేరు. కిందటేడు పుస్తకాల కొట్టులో ఒకావిడ, ఆ అట్ట మీద ఏం రాసుందో చదువు పాపా అని అడిగి, పిల్ల నీళ్లు నమిలితే పకపకా నవ్వింది. ఎందుకమ్మ రెండు రోజులు ఎందుకు అన్న మాట ఎత్తలేదు. మళ్లీ ఇంకో కొట్టులో నలుగురి ముందు అది జరక్కూడదని తల్లి ఒంటరిగా పోయింది.

టై కట్టుకున్న సేల్స్‌మన్ పల్చటి లాప్‌టాప్ ఒకటి తెరిచాడు. తళతళలాడిపోతోంది. బడి కాయితంలోదానికంటే చాలా చవక, ఆ తగ్గింపుకీ ఇవాళే ఆఖరన్నాడు. పైకి చదివి వినిపిస్తుందా అని ఆవిడ అడిగితే, ఎందుకు వినిపించదు మేడమ్, అన్నీ ఇందులోనే ఉన్నాయన్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గానీ, కొట్టులో అది తలకిందులవుతుంది. డబ్బులు కట్టి తెచ్చేసింది.

సాయంత్రం ఎందుకమ్మ దాని ముందు కూర్చుంది. తెర అద్దంలా ఉంది. ముందు లైటు కనిపించింది, తర్వాత తన ముఖం కనిపించింది, వాటి వెనకెక్కడో అక్షరాలున్నాయి. మీటలు బల్లపరుపుగా ఉన్నాయి, ఏది ఎక్కడ అయిపోయిందో వేలికి తెలియదు. పైకి చదవడం మాత్రం చదివింది, కుక్కలు తరుముతున్నట్టు. నిదానం చెయ్యబోతే తెర మీద చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే బెజ్జం కూడా లేదు. పిల్ల గంటసేపు ఓపిక పట్టి, మూత వేసి, తల్లి వైపు చూసింది.

"అమ్మా, నన్నెందుకు తీసుకెళ్లలేదు?"

"ఊరికే... నువ్వు సంతోషపడతావని."

"తాళం లేకుండానే తాళంచెవి చేశావే" అంది పిల్ల. కోపంగా కూడా అనలేదు. తాళాలక్క లాప్‌టాప్‌ని మళ్లీ దాని డబ్బాలో సర్దింది.

శనివారం కొట్టు తెరవలేదు. ఒక చేత్తో పిల్లనీ, ఇంకో చేత్తో డబ్బానీ పట్టుకుని, బడి పాఠాలున్న పెన్‌డ్రైవ్‌ని జేబులో వేసుకుని షాపుకి వెళ్లింది. సీలు తీసినదాన్ని మేం వెనక్కి తీసుకోం అన్నాడు సేల్స్‌మన్. తర్వాత వంగి, గొంతు తగ్గించి, ఏదో జబ్బు పేరు అడిగినట్టు అడిగాడు.

"పాపకి చదవడం రాదా మేడమ్?"

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి తాళాలక్క కూడా గొంతు తగ్గించే జవాబు చెప్పేది. కొంచెం నెమ్మది అనేది. కళ్లజోడు మార్చాలి అనేది. ఆ వేళ తగ్గించలేదు.

"రాదు. పుస్తకం చూసి చదవడం రాదు. విని రాస్తుంది. దానికి సరిపడేది కొందామనే వచ్చాం. గుసగుసలాడాల్సిన తప్పు పని ఇక్కడెవరూ చెయ్యలేదు బాబూ."

షాపులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. తిరగనీ అనుకుంది. ఎందుకమ్మ తల దించుకోలేదు, తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపుకి తాళాలక్కకి గుండె నిండిపోయింది. ఈ మాట ఇంత గట్టిగా ఎప్పుడో అనాల్సిందని సిగ్గు కూడా పడింది.

కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ ఓనరు వచ్చాడు. పిల్ల ఒక్కొక్కదాని మీదా పాఠం విని రాసి చూశాకే కొంటానని ఆవిడంటే, బల్ల మీదున్నవి చూడ్డానికే గానీ పాఠాలు రాసుకోవడానికి కాదన్నాడు. ఆవిడ తన నియమం చెప్పింది. నేను చేసిన చెవి తాళంలో తిరక్కపోతే మీరు నాకు డబ్బులిస్తారా అని అడిగింది.

"ఇది తాళంచెవి కాదు కదమ్మా."

"మా పిల్లకి అంతే. మీరు షట్టరు దించేదాకా ఇక్కడే కూర్చుంటాం సార్. ఆ షట్టరు ఇరుక్కుంటే నేనే తీసిపెడతాలెండి."

ఓనరుకి నవ్వాగలేదు. నవ్వినవాడు ఇంకేం కాదంటాడు. స్టూలు వేయించాడు. ఎందుకమ్మ ఒక్కొక్కటీ తెరిచి, వింటూ, నొక్కుతూ పోయింది. ఒకటి తొందరెక్కువ, ఇంకోటి గొంతు బాలేదు. బడి కాయితంలో ఉన్న ఖరీదైనది కూడా వచ్చింది. దాని తెరా మెరుస్తోందని పిల్ల తల అడ్డంగా ఊపేసరికి సేల్స్‌మన్ ముఖం మాడిపోయింది. అప్పుడు ఓనరు కింది అరలోంచి, ఏదో ఆఫీసు వాడి వదిలేసిన పాతది తీశాడు. ఇటుకంత బరువు. మూత మీద పొడుగాటి గీత. తెర మాత్రం మెరవదు. మీటలు పైకి లేచి, మధ్యలో వేలికి చిన్న గుంట ఇచ్చి ఉన్నాయి. పిల్ల కళ్లు మూసుకుని వాటిని తడిమింది. తల్లి కోసిన చెవి పళ్లని బొటనవేలితో తడిమి చూసుకోవడం రోజూ చూస్తుంది కదా. పాఠం నిదానంగా పెట్టుకుని రెండుసార్లు విని, నాలుగు లైన్లు టైపు చేసింది. వెనక్కి తిరిగి ఒక్క మాటే అంది.

"తిరిగిందమ్మా."

తళతళలాడేదాన్ని ధర కొంచెం తగ్గించుకుని ఓనరు వెనక్కి తీసుకున్నాడు. పాతది అంతకంటే చవక. మిగిలిన డబ్బులతో ఇయర్‌ఫోన్సూ, కొత్త బ్యాటరీ వచ్చాయి.

సోమవారం పెద్ద టీచరు బల్ల మీద ఆ ఇటుకని పెడితే, ఆవిడ మూత మీది గీతని చూసి, ఇది మా కాయితంలో లేదు కదమ్మా అంది.

"ఆ కాయితం రాసినప్పుడు మా పిల్ల మీ ఎదురుగా లేదు కదా టీచరుగారూ" అంది తాళాలక్క.

టీచరు పెదవి బిగించి, పిల్ల ఎన్నడూ వినని పాఠం ఒకటి ఎక్కించింది, వంతెనల గురించి. ఎందుకమ్మ మూడుసార్లు వింది. రాసింది, ఆగింది, చెరిపింది, మళ్లీ రాసింది. గోడవార కుర్చీలో తాళాలక్క జేబులోని పళ్లు కొయ్యని చెవిని పిడికిట్లో నలుపుతూ కూర్చుంది. పది లైన్లయ్యాయి. పిల్ల ఆగకుండా పదకొండోది కూడా రాసింది. ఎండకి ఇనుము సాగుతుందని వంతెన మధ్య సందు వదులుతారట, మరి చలికి ఆ సందు పెద్దదై చక్రాలు ఎందుకు ఇరుక్కోవు అని.

టీచరు ఆ లైనుని రెండుసార్లు చదివింది. తప్పులు నాలుగున్నాయంది. విషయం సరిగ్గానే ఉందంది. సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతూ, క్లాసులో వెనక మూల వేరే బల్ల వేయిస్తాం, ఇది పెట్టుకుని అక్కడ కూర్చుంటుందని చెప్పింది.

"ఎందుకు?" అంది ఎందుకమ్మ.

టీచరు తల్లి వైపు చూసింది, పిల్లని ఊరుకోబెడుతుందని. తాళాలక్కకి జవాబు నాలుక చివరదాకా వచ్చింది, పెద్ద జవాబే వచ్చింది. మింగేసి, తనూ పిల్ల వైపే చూసింది.

"ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను కదా టీచర్. వాళ్లకేం వినపడదు. మరి నేనెందుకు వేరే కూర్చోవాలి?"

టీచరు కాయితాలు అటూ ఇటూ సర్దింది. వాటిలో ఎక్కడా దీనికి జవాబు లేదు. చివరికి, సరే, నీ చోట్లోనే కూర్చో పో అంది.

ఎందుకమ్మ ఇటుకని గుండెలకి హత్తుకుని క్లాసులోకి వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి తాళాలక్క చూస్తూనే ఉంది. రెండో బెంచీలో స్నేహితురాలు జరిగి చోటిచ్చింది. పిల్ల కూర్చుని మూత తెరిచింది. ఇదేంటే, ఇంత లావుంది, ఎవరు కొన్నారని అడిగింది ఆ పిల్ల.

"నేనే. చూసుకుని కొన్నా" అంది ఎందుకమ్మ.