పై చెక్క ద్రాక్ష

ఇవాళ పొద్దున నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. వాన ముంచుకొస్తోందన్న తొందరలో, మా తోటలో పై చెక్క నేలలో కోసిన ద్రాక్షని కింద చెక్క ద్రాక్షతో కలిపి, రసం పిండే ప్రెస్‌లో ఒకేసారి పోయించాను. వైన్ పనంతా చూసుకునే నా కూతురు మేఘన అడ్డొచ్చింది.

"నాన్నా, ప్లీజ్, మిక్స్ చెయ్యకు. తాతయ్య సెపరేట్‌గా ఉంచమన్నాడు కదా."

"తాతయ్య పోయి చాలా కాలమైంది. నోర్మూసుకుని చెప్పింది చెయ్యి," అని కోతకొచ్చిన పనివాళ్ళందరి ముందూ అరిచాను. తెలుగు రానివాళ్ళకి కూడా ఆ గొంతు అర్థమైంది. మేఘన గ్లవ్స్ విప్పి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ప్రెస్ నుంచి కారుతున్న రసం వాసన ముక్కుకి తగిలాక గానీ, నేను ఎవరిలా ప్రవర్తించానో నాకు తెలియలేదు. తెలిశాక నామీద నాకే ఒళ్ళు మండింది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన, చలి ఎముకలు కొరికే చోట, ఒక పొడుగాటి సరస్సు పక్కన మా తోట. మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేయడానికి గుంటూరు నుంచి వచ్చిన నాన్న, డెబ్బైల చివర్లో ఆ వాలు నేల కొని ద్రాక్ష వేశాడు. నీళ్ళ దగ్గరిది కింద చెక్క. అక్కడ మన్ను లోతు, పైగా ఎండాకాలమంతా దాచుకున్న వెచ్చదనాన్ని సరస్సు అక్టోబరులో మెల్లమెల్లగా వదులుతుంది కనక పళ్ళు నిండుగా పండేవి, వైన్‌కి పీచ్ పండు వాసన వచ్చేది. రోడ్డుకి ఎగువన పై చెక్క. పలకల్లా విరిగే రాయి, జానెడు మన్ను, ఎప్పుడూ గాలి. తీగలు ఆ రాళ్ళ సందుల్లోకి వేళ్ళు దూర్చుకోవడానికే సగం బలం పోగొట్టుకుని చిన్న చిన్న పళ్ళు కాసేవి. వాటి వైన్ నిమ్మతొక్క కొరికినట్టు జివ్వుమనిపించి, చివర్లో తడిరాయి రుచి మిగిల్చేది. నాన్న ఏ వైనూ మింగేవాడు కాదు. పుక్కిలించి, కళ్ళు మూసుకుని, ఉమ్మేసేవాడు.

ఆగస్టులో గుత్తులు పలచన చేసినప్పుడు రాలిన పచ్చికాయల్ని అమ్మ చీర కొంగులో ఏరుకొచ్చేది. చింతపండు దొరకడం కష్టమైన ఆ రోజుల్లో మా పప్పులోకీ పచ్చడిలోకీ చివరికి పులిహోరలోకీ ఆ పులుపే. పళ్ళు రంగు తిరిగాక పక్షులు వాలకుండా నేనూ చెల్లీ ఖాళీ డబ్బాలు వాయిస్తూ వరసల మధ్య పరుగెత్తేవాళ్ళం, అదే మా ఆట. నవంబరులో, అంటుకట్టిన చోట తీగ చలికి చచ్చిపోకుండా, ప్రతి మొదలుకీ మట్టి ఎగదోయాలి. ఏప్రిల్‌లో ఆ మట్టంతా మళ్ళీ తీసేయాలి. బడి నుంచి రాగానే పార పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారేదాకా వదలనిచ్చేవాడు కాదు నాన్న.

ఒక ఉగాదికి తెలుగువాళ్ళమంతా ఒక డాక్టరుగారింట్లో కలిసినప్పుడు, ఆ ఇంటి ఆంటీ అమ్మ తెచ్చిన గిన్నె మూత తీసి, "మీ పులిహోరక్కూడా మందు వాసనొస్తుందేమో వదినా," అని నవ్వింది. ఇంట్లోకని చేత్తో పిండి మేం చేసుకునే కాసిని వైన్ సీసాల కోసం మా ఇంటికొచ్చినప్పుడల్లా కారు డిక్కీ తెరిచి నాన్నని పక్కకి పిలిచేది ఆవిడ భర్తే. ఆ గిన్నె అమ్మ నిండుగా తిరిగి తెచ్చుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

అప్పట్లో మాకు సొంత ప్రెస్ లేదు. పక్క ఊళ్ళోని వైన్ కంపెనీకి పళ్ళు వేసేవాళ్ళం. రెండు చెక్కలవీ విడివిడిగా పిండుతామని వాళ్ళు మాటిచ్చారు. ఎనభైల మొదట్లో ఒక అక్టోబరు పొద్దున, నేనూ నాన్నా పికప్‌లో పై చెక్క ద్రాక్ష తీసుకెళ్ళాం. అక్కడి మేనేజరు మా తొట్టెల వంకైనా చూడకుండా, ఎవరివో మైదానపు పొలాల పళ్ళు పోస్తున్న గుంటలోకే వాటినీ ఒంపించేశాడు. నాన్న పరుగెత్తి అడ్డం పడితే, వైన్ తాగని మనిషికి ఆ తేడాతో పనేమిటన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న ఖాళీ తొట్టెలు పికప్‌లోకి ఎక్కించాడు. తిరిగొస్తుంటే, "ఏడాదంతా ఆ రాళ్ళల్లో చచ్చాం కదరా. ఒక్క గుటకైనా విడిగా ఉంచలేకపోయాడు, వెధవ," అన్నాడు. ఇంటికొచ్చి అన్నం చల్లారిందని అమ్మ మీద విరుచుకుపడ్డాడు. ఆ మేనేజరునీ నేను క్షమించలేదు, ఆ పూటకి నాన్ననీ క్షమించలేదు. ఇవాళ వాళ్ళిద్దరి పనీ నేనొక్కణ్ణే చేశాను.

తర్వాత నాన్న ఒక పాత ప్రెస్ తెచ్చాడు. ముందు ఒక చెక్క పిండడం, ప్రెస్ పలకలు విప్పి వాసన పోయేదాకా కడగడం, ఆ తర్వాతే రెండోది. వానైనా మంచైనా అది తప్పలేదు, ఇవాళ్టిదాకా.

ఇప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు. ఆ కంపెనీ షెడ్డు కూలిపోయింది. డబ్బాల మోత పోయి వలలొచ్చాయి. పచ్చికాయలు రాలినచోటే కుళ్ళిపోతున్నాయి, ఆ పచ్చడి చేయడం మా ఇంట్లో ఎవరికీ రాదు.

కలిసిపోయిన రసాన్ని విడదీయలేను. కానీ పై చెక్కలో చివరి వరసలు ఇంకా కోయలేదు. మధ్యాహ్నం పనివాళ్ళని పిలిచి, పొద్దున అరిచిన చోటే నిలబడి, తప్పు నాదనీ ఇకనుంచి ప్రెస్ దగ్గర మాట మేఘనదేననీ చెప్పాను. తర్వాత వానలో ఒక్కణ్ణే ఆ వరసలు కోశాను. ప్రెస్ విప్పి కడిగి, పళ్ళ తొట్టి పక్కన పెట్టుకుని ఎదురుచూశాను.

చీకటిపడే వేళకి మేఘన వచ్చింది. నా వంక చూడలేదు. ఒక పండు నోట్లో వేసుకుని గింజ కొరికి చూసింది. తర్వాత ప్రెస్ లోపలికి తలపెట్టి వాసన చూసింది.

"కింద చెక్క స్మెల్ ఇంకా ఉంది నాన్నా. మళ్ళీ కడుగు."

మళ్ళీ కడిగాను.