హామీపత్రంతో కోసపాళయం దాకా

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక పత్రిక ప్రచురణకు తీసుకున్న నా మొదటి కథ పూర్తిగా నేను కల్పించింది కాదు.

పుదుచ్చేరిలో పీజీ చదివిన రెండేళ్లూ కోసపాళయంలో ఒక మేడగదిలో అద్దెకున్నాను. కింది వాటాలో ఉండే కన్నమ్మత్త ఒక సాయంత్రం చేటలో బియ్యం ఏరుకుంటూ, పోయిన భర్త గొడుగును తను అరియాంకుప్పం బస్సులో మరిచిపోయిన రోజు గురించి చెప్పింది. సాయంత్రం దాకా అదే రూటులో వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి వెతికిందట. నేను గదికి వెళ్లి అంతా డైరీలో రాసుకున్నాను. చదువయ్యి యానాం తిరిగొచ్చాక దాన్నే కథ చేశాను.

మూడేళ్లలో పదకొండు కథలు రాశాను. ఏడు పంపాను. ఆరింటికి జవాబే లేదు. ఏడోది ఇది. గురువారం పొద్దున సంపాదకుడి మెయిల్ వచ్చింది: కథ తీసుకున్నాం, సోమవారంలోగా హామీపత్రం పంపండి. ప్రతి రచయితా సంతకం చేసివ్వాల్సిన రెండు వాక్యాలు. "ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు." నా పెన్ను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

కన్నమ్మత్తకు ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఫోన్లో నాకు "బాగున్నారా అత్తా" తర్వాత మాట పెగలదు. యూనివర్సిటీలో సర్టిఫికెట్ పని ఉందని ఇంట్లో చెప్పి, శుక్రవారం పదకొండింటికి యానాంలో కాకినాడ బస్సెక్కాను. కాకినాడ నుంచి పుదుచ్చేరికి నేరుగా రైలుంది, ఎక్కడా మారనక్కర్లేదు. వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా రిజర్వు చేయించుకోవడం మంచిది. నాకు తత్కాల్లో పై బెర్తు దొరికింది.

చదువుకుందామని ఒక కథల సంకలనం తెచ్చుకున్నాను. మొదటి పేరా నాలుగుసార్లు చదివినా ఒక్క ముక్కా ఎక్కలేదు. పుస్తకం మూసి నోట్‌బుక్ తీశాను. కన్నమ్మత్త ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ తెలుగు లిపి రాదు, తమిళం చదువుతుంది. బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న తమిళ అక్షరాల్లో నా తెలుగు కథను దించడం మొదలుపెట్టాను. ఆమె చేతికిచ్చేసి, ఆమె చదివేటప్పుడు నేను ఎదురుగా లేకుండా పోవాలని ఆలోచన.

రాజమండ్రిలో ఎక్కిన ఒక పెద్దావిడ కాసేపు నా చేతినే చూసింది.

"అరవమా? మీరు తెలుగువాళ్లు కాదా అమ్మా?"

"తెలుగేనండి. తెలుగునే అందులో రాస్తున్నాను. నేను వెళ్లి ఇవ్వబోయే ఆవిడకి మన అక్షరాలు రావు."

"ఆవిడ దగ్గరికేగా వెళ్తున్నావు? నోరుందిగా, చదివి వినిపించొచ్చుగా!"

టీ అమ్మే అతన్ని పిలిచాను.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు పుదుచ్చేరిలో దిగాను. తిరుగు రైలు ఆ మధ్యాహ్నమే. స్టేషను బయట రెండిడ్లీలు తీసుకుని ఒకటి వదిలేశాను. ఆటోలో కోసపాళయం చేరేసరికి కన్నమ్మత్త గుమ్మంలో ముగ్గు వేసిన చోటు తొక్కకుండా నిలబడి కూరగాయలు బేరమాడుతోంది. నన్ను చూసి, "ఏంది పాపా, ఇట్టా చిక్కిపోయినావు!" అంది. కాఫీ ఇచ్చింది. కాగితాలు చేతిలో పెట్టి, "మీ గురించే రాశానత్తా, చదవండి, బీచ్ దాకా వెళ్లొస్తాను" అని బయటపడ్డాను.

బీచ్ రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచాను. బండరాళ్ల మీద కూర్చుందామని వెళ్లి కూర్చోకుండానే లేచొచ్చాను. దారిలో ఒక పుస్తకాల దుకాణం అద్దంలోంచి చూస్తే ఫ్రెంచి, తమిళం, ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. తెలుగు ఒక్కటీ లేదు. ఎందుకో లోపలికి వెళ్లి అడగాలనిపించింది. అడగలేదు.

పదకొండున్నరకు తిరిగొచ్చేసరికి కన్నమ్మత్త మొహం ఎర్రగా ఉంది. పక్కన లైన్‌మన్‌గా పనిచేసే కొడుకు సెల్వం కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏంది పాపా ఇది? కన్నకొడుకును బస్సులో మరిచిపోయేదాన్నా నేను? అట్టా ఎప్పుడు చెప్పినా నీకు?"

"అంతేనా అమా! మడిచి సంకలో పెట్టుకున్నావంట నన్ను. ఒక కమ్మీ కూడా వంగిపోయిందంట!" అన్నాడు సెల్వం.

అప్పుడు వెలిగింది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. నేను గొడుగు అని రాసిన ప్రతిచోటా ఆమె కొడుకు అని చదివింది.

"గొడుగత్తా, గొడుగు!"

"గొడుగా? నేను కొడ అన్నా గదా. గొడుగు యాడినించి తెచ్చినావు?"

నిజమే. ఆమె గొడుగును ఎప్పుడూ కొడ అనే అంటుంది, తమిళంలో అన్నట్టే. అచ్చులో బాగుండదని నేనే మార్చాను.

"నువ్వే సదువు. నీ రాతతో నా ప్రాణం పోతాండాది" అని నన్ను మెట్టు మీద కూర్చోబెట్టింది.

నా కథను నేను గట్టిగా చదవడం అదే మొదటిసారి. మధ్యలో ఆమె ఆపింది. "ఆ కండక్టరు మర్యాదగా యాడ మాట్లాడినాడు? కసిరినాడు గదా." మళ్లీ చదివాను. చివరి పేజీలో, కొన్నాళ్ల తర్వాత అరియాంకుప్పం బస్టాపు దగ్గర చేపలమ్మే ఒకామె ఎండకు ఆ గొడుగే వేసుకుని కూర్చుంటుంది. కన్నమ్మత్త గుర్తుపడుతుంది. అడగదు. చేపలు కొనుక్కుని వచ్చేస్తుంది.

సెల్వం నవ్వడం మానేశాడు.

"ఆ యమ్మ ఏ పక్క కూచోనుండె?" అంది కన్నమ్మత్త.

"అది నేను కల్పించానత్తా. జరగలేదు."

"తెలుసు. నాకు యాడ దొరికింది? ఆ పేజీ ఇంకోతూరి సదువు."

చదివాను. తర్వాత హామీపత్రం తీసి, అందులో ఏముందో చెప్పి, "మీ మాటలు అడక్కుండా తీసుకున్నాను. మీరు వద్దంటే కథ పంపను" అన్నాను.

ఆమె హామీపత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. "బియ్యం ఏరతా చెప్పిన మాటను ఊరంతా సదవాలనా?" అంది. సరే అని గానీ వద్దని గానీ అనలేదు. సాంబారన్నం, వేయించిన చేప పెట్టింది. నేను గడియారం వైపు చూసిన ప్రతిసారీ, "తిను, రైలు యాడికీ పోదు" అనేది.

స్టేషనుకు ఆటోలో తనూ వచ్చింది. దారంతా చేపల ధర గురించే మాట్లాడింది. నేను మళ్లీ అడగలేకపోయాను.

పుదుచ్చేరిలో ఈసారి నేనున్నది నాలుగు గంటలు, సముద్రం వైపు తలతిప్పి చూసింది పది నిమిషాలు. చూడాల్సినవి చూసి రమ్మని ఎవరికైనా చెప్పడానికి నేను తగను. విల్లుపురం దాటాక హామీపత్రం మీద సంతకం చేశాను. కథలో గొడుగు ఉన్న ప్రతిచోటా కొట్టేసి కొడ అని రాశాను. చెన్నై వచ్చేదాకా ఆ పని సరిపోయింది. పెన్ను ఆగినప్పుడల్లా, రైలు కదిలేముందు కిటికీ చువ్వ పట్టుకుని కన్నమ్మత్త అన్న మాటలే వినిపించాయి.

"కొడ పోయింది నాది. చేపలామె నీది. సంతకం పెట్టు పో. ఆ కండక్టరు కసిరినాడని మాత్రం రాయి, ఇడిసిపెట్టబాక."