మా ఆయన, టీచరమ్మ, నాలుగు ఇంజన్లు

మా ఆయన జీవానందం ఇందుకూరుపేటలో దర్జీ. ఇంటి ముందు వసారాలోనే కుట్టుమిషను. కానీ ఊళ్ళో పాతవాళ్ళు ఆయన్ని కుట్టుపనికి తలుచుకోరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మైపాడు సముద్రం ఒడ్డున మంచె వేసి, వచ్చేపోయే విమానాలను కనిపెట్టడానికి కొందరు కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళలో ఈయనొకడు. విమానం కంటికి కనబడకముందే, మోతను బట్టి అది మనదో పరాయిదో, ఇంజన్లు రెండో నాలుగో చెప్పేసేవాడు. మైపాడు చెవులు అని ఆయనకు పేరు. యుద్ధం అయిపోయింది, మంచె పీకేశారు, ఈయన కత్తెర పట్టాడు. పెళ్ళయ్యాక విమానాల ఊసే ఎత్తలేదు. అరవై ఒకటిలో టీచరమ్మ వచ్చేదాకా అంతే.

టీచరమ్మ పేరు కరుణాకుమారి. పాదిరీల బడిలో ఉద్యోగం వచ్చి మా ఎదురింట్లో అద్దెకు దిగింది. వాళ్ళ నాన్న మద్రాసు దగ్గర యుద్ధపు విమానాలు బాగుచేసే చోట పనిచేశాడట, ఈమె వాటి మధ్యే పెరిగిందట. ఒకనాడు జాకెట్టు గుడ్డ తెచ్చి, కొలతలు చెబుతూ చెబుతూ ఆగి చెయ్యెత్తింది.

"అన్నా, మిషను ఆపండి. లిబరేటర్ వస్తా ఉంది."

ఆయన వీధిలోకి పరుగెత్తాడు. ఆ పాత యుద్ధవిమానాన్నే మన విమానదళం ఇంకా సముద్రం మీద కాపలాకు తిప్పుతోందట. అది బతికి ఉందని కూడా ఈయనకు తెలియదు. తిరిగి లోపలికొచ్చినప్పుడు ఆయన మొహం చూశాను. మా పెళ్ళినాడు కూడా ఆ మొహం అంత వెలగలేదు.

ఇక మొదలైంది. చెరువుగట్టు నుంచి జీలుగు బెండు తెచ్చి విమానాలు చెక్కడం, వాటిని దారాలతో మిషను పైన వేలాడదీయడం. డకోటా అట, స్పిట్‌ఫైర్ అట. హజరత్తయ్య గారు పండక్కి చొక్కా ఇస్తే రెండూ కుడిచేతులే కుట్టిపెట్టాడు. ఆ పెద్దమనిషి తొడుక్కుని చూసుకుని, తిట్టలేక నవ్వలేక పోయాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. నేను వంటింట్లోంచి గొంతు పోయేలా పిలిచినా పలకడు. ఆమె వాకిట్లో నిలబడి చెయ్యి ఊపితే చాలు, మిషను టక్కున ఆగిపోతుంది. బడి వదిలాక వచ్చి ఆయన ఎడమపక్క స్టూలు మీద కూర్చునేది. రెండింజన్ల మోత ఎట్లా ఉంటుంది, నాలుగింటిది ఎట్లా ఉంటుంది, ఇవే కబుర్లు. నాతో ఈయన మాట్లాడేది కూరలో ఉప్పు గురించి. నేను చేటలో బియ్యం పెట్టుకుని, తలుపు చాటున ఒక్క ముక్క పోనివ్వకుండా వినేదాన్ని. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. దొరికినవన్నీ ఇంజన్లే.

ఒకరోజు ఆమె పరుగున వచ్చి ఆయన భుజం తట్టింది. నా కళ్ళముందే. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి పోయి కడిగేశాను.

"టీచరమ్మా, ఇంక నీ జాకెట్లు నెల్లూరులో కుట్టించుకో. మా వాకిలి తొక్కబాక."

ఆమెకు కోపం రాలేదు. అది నాకింకా మంట.

"అక్కా, అన్నకి చెవులు వినపడటం లేదు. కుడిది పూర్తిగా పోయింది, ఎడమది అంతంతమాత్రం. విమానం నెత్తిమీదికొస్తే గానీ తెలీదు, బయటికొచ్చేలోపల అది దాటిపోతది. అందుకని భుజం తట్టి చెప్పినాను. మీకు మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

నేను పిలిస్తే ఎందుకు పలకడో అప్పటికి తెలిసింది. అయ్యో పాపం అనిపించాలి కదా. నాకు ముందుగా వచ్చింది ఏడుపు కూడా కాదు, కుళ్ళు. ఇంత పెద్ద సంగతి ఆమెకు చెప్పుకున్నాడు. నాకు చెప్పలేదు.

టీచరమ్మ రావడం మానేసింది. ఈయన పొద్దస్తమానం ఎదురింటి తలుపు వైపు చూసేవాడు. అది చూసి కూడా నాకు మండేది. ఒక మధ్యాహ్నం విమానం పోయింది. ఆయన ఆలస్యంగా గుమ్మం దిగి, వీధి మధ్యలో నిలబడి అటూ ఇటూ తల తిప్పి వెతుక్కున్నాడు. ఆకాశంలో ఏమీ లేదు. తల దించుకుని వచ్చి మిషను దగ్గర కూర్చున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత కొన్నాళ్ళకు పొయ్యి దగ్గరుండగా దూరంగా మోత వినిపించింది. ఈయన వంచిన తల ఎత్తకుండా కుట్టుకుంటున్నాడు. చేతులు తుడుచుకుని పోయి భుజం తట్టాను. ఆయన మిషను ఆపి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఏ పక్కనుంచి, టీచరమ్మా?"

భుజం తట్టేది ఆమె ఒక్కతే అనుకున్నాడు. అయినా ఎడమచెవి దగ్గరికి వంగి చెప్పాను. "ఉత్తరం నుంచి. నాలుగింజన్లు. లిబరేటర్."

ఆయన తిరిగి చూశాడు. చేతిలో గుడ్డ జారిపోయింది. "నీకెట్లా తెలుసు?"

"మీరిద్దరూ చెప్పుకుంటా ఉంటే తలుపు చాటున కుళ్ళుకుంటా నేర్చుకున్నా. లెయ్యి, దాటిపోతది."

ఆయన లేవలేదు. "చెవుల సంగతి తెలిసిపోయిందా?"

"తెలిసింది. ఎదురింటామెకు చెప్పుకున్నావు. కట్టుకున్నదానికి చెప్పలా. నేనేం పాపం చేసినానయ్యా?"

ఆయన వంగి జారిపోయిన గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ నాయన దర్జీకి పిల్లనియ్యనంటే, నువ్వు అన్నం మానేసి నన్నే చేసుకుంటానన్నావంట. నా చెవుల గొప్ప ఊరంతా చెప్పుకుంటా ఉంటే విని కదా. కుట్టుపని చూసి కాదు గదా, మగ్దలీనా. అవే పోయినాయని నీకెట్లా చెప్పేది?"

విమానం మా ఇంటి మీదుగానే పోయింది. పెంకులు అదిరాయి. ఇద్దరం బయటికి పోలేదు.