చెవి విరిచిన క్యాసెట్

మా మేనత్త కిందటి నెల ఆగిరిపల్లిలో చనిపోయింది. కబురు విజయవాడలో మా ఆఫీసుకు ఫోన్లో వచ్చింది. ఫోన్ చేసింది ఆమె మరిది. నూజివీడులో మామిడికాయల వ్యాపారి. "మీ అత్త పోయిందిరా" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, "మీ పేపర్లో వేయించు. కింద మన షాపు పేరు కూడా పడేలా చూడు" అన్నాడు.

ఫోటో ఉందా అని అడిగాను. లేదన్నాడు. అది మాత్రం నిజం. అత్త ఫోటో అంటే తప్పించుకుని తిరిగేది. పెళ్లినాటి ఫోటోలో కూడా తల వంచుకునే ఉంది. పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి, ఫోటో లేకుండా, షాపు పేరు లేకుండా. వాటిలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

అత్తకు పిల్లలు లేరు. మామయ్య తోటలు కౌలుకు తీసుకునేవాడు. బంగినపల్లి కాయలను వరిగడ్డిలో మాగవేసి అమ్మేవాడు. ఒక వేసవిలో రైతుల కార్యక్రమం కోసం టీవీ వాళ్లు వచ్చి, ఆయన గడ్డి పరిచి కాయలు పేర్చడం షూటింగ్ తీసుకుని వెళ్లారు. అత్త ఇంట్లో టీవీ లేదు. మరిది ఇంట్లో టీవీ, వీసీఆర్ రెండూ ఉన్నాయి. కార్యక్రమం వచ్చే రోజు అత్త కొత్త క్యాసెట్ కొనుక్కుని నూజివీడు బస్సెక్కింది. తోడికోడలు రికార్డింగ్ బటన్ నొక్కింది. కార్యక్రమం అయ్యేదాకా అత్త నిలబడే ఉంది. కూర్చోమంటే, "కూర్చుంటే కరెంటు పోతుందేమోనే" అందట.

క్యాసెట్ వెనకవైపు ఒక చిన్న ప్లాస్టిక్ చెవి ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. షాపతను చెప్పిన ఈ మాటను అత్త మర్చిపోలేదు. ఆ సాయంత్రమే చాకు మొనతో చెవి విరిచింది. విరిగిన ముక్కను కూడా పారేయకుండా పోపుల పెట్టెలో వేసుకుంది.

మరుసటి ఏడు మామయ్య పోయాడు.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా అత్త మరిది ఇంటికి వెళ్లి ఆ కార్యక్రమం చూసి వచ్చేది. చూడాలంటే అక్కడే చూడాలి కాబట్టి క్యాసెట్ వాళ్ల బీరువాలోనే ఉంచింది. ఆ ఇంట్లో కాఫీ తాగేది గానీ పండు ముట్టేది కాదు. మరిది కాయలను కార్బైడ్ పొట్లాలు పెట్టి మాగిస్తాడు. "ఆ వాసనకే కడుపులో తిప్పుతుందిరా. రంగు చూస్తే పెళ్లికూతురు, కోస్తే పీనుగు" అనేది నాతో.

ఒక ఆదివారం మామిడి మార్కెట్ మీద వార్త కోసం నూజివీడు వెళ్లి, వాళ్లింట్లో ఆగాను. అత్త కూడా వచ్చి ఉంది. పక్కింటావిడకు మామయ్యను చూపిద్దామని వెంట తీసుకొచ్చింది. క్యాసెట్ పెట్టారు. తెర మీద క్రికెట్ మ్యాచ్ వచ్చింది.

"ఇది కాదే, మా ఆయనది పెట్టు" అంది అత్త.

తోడికోడలు తల వంచుకుంది. "అదేనక్కా. ఖాళీదనుకున్నారు."

"చెవి విరిచాను కదా?"

"అందుకే కదా వదినా కాయితం అంటించాల్సొచ్చింది!" అన్నాడు మరిది. గొంతులో విసుగు ఉంది, తనకేదో పని పెట్టినట్టు.

క్యాసెట్ తీయించి చూశాను. చెవి విరిచిన చోట, మామిడిపెట్టెల మీద అంటించే అతని షాపు లేబులు ముక్క నున్నగా అతికించి ఉంది. ఆ సందు మూసేస్తే క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేయొచ్చు. ఖాళీదనుకున్నవాడికి చెవి విరిచిన చోట కాగితం ఎందుకు అంటించాల్సి వచ్చిందో నేను అడగలేదు. పక్కింటావిడ అడిగింది. "క్యాసెట్టే కదండీ, ఇంకోటి కొనిస్తాను. అయినా మధ్యలో కరెంటు పోయి నా మ్యాచ్ కూడా పోయింది" అన్నాడు. తన నష్టం, అత్త నష్టం సమానమని మరిది లెక్క.

కరెంటు పోవడం వల్లే కొంచెం మిగిలింది. మ్యాచ్ తెగిపోయిన చోట తెర మీద చుక్కలు వచ్చి, ఆ తర్వాత కార్యక్రమం చివరి ముక్క వస్తుంది. అత్త ఆ రోజే క్యాసెట్ ఆగిరిపల్లి పట్టుకుపోయింది. చూడాలనిపిస్తే సంచిలో వేసుకుని మళ్లీ నూజివీడు బస్సెక్కేది. మ్యాచ్‌ను గబగబా తిప్పేస్తామంటే ఒప్పుకునేది కాదు. "మీరు తిప్పితే ఆయన్ని కూడా తిప్పేస్తారు. ఉండండి, వీళ్ల గంతులు అవనీండి, వస్తాడు" అనేది. ఆ ఆట ఆమెకు ఓనమాలు కూడా తెలియదు. కానీ ఆ ముక్కలో ఎవడు ఎప్పుడు అవుటవుతాడో ముందే చెప్పేది. "ఇప్పుడు చూడు, ఈ గడ్డపోడు పోతాడు."

పెద్దకర్మ ఆగిరిపల్లిలోనే జరిగింది. మరిది వీడియో పెట్టించాడు. "మా వదిన నాకు తల్లితో సమానమండీ" అని వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు, లైటు తన మీద పడినప్పుడు ఇంకొంచెం గట్టిగా. వీడియో అతను ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, "ఇందాకటిది సరిగ్గా రాలేదండీ, ఇంకొక్కసారి ఏడవండి" అన్నాడు. ఇద్దరు ఏడ్చారు. ఇరవై ఏళ్ల నుంచి ప్రమాదాలు, శవాలు చూసి రాస్తున్నవాణ్ణి. అంత అసహ్యం ఎక్కడా కలగలేదు.

భోజనాల వేళకు క్యాసెట్ అయిపోయింది. ఇంకోటి కావాలన్నాడు వీడియో అతను. మరిది అలమర తెరిచి అత్త క్యాసెట్ తీశాడు.

"ఇదుందిగా. కాయితం కూడా అంటించే ఉంది."

"చిన మావయ్యా, అందులో మావయ్య ఉన్నాడు" అన్నాను.

"చివర్లో కాస్తేగా! దానికోసం వదిన కార్యక్రమం ఆపుకుంటామా?"

నేను లేచేలోగా అత్త తోడికోడలు వచ్చింది. ఆయన చేతిలోంచి క్యాసెట్ లాక్కుంది. అందరి ముందూ నిలబడి గోటితో ఆ లేబులు గీకడం మొదలుపెట్టింది. గట్టిగా అంటుకుపోయింది, తొందరగా రాలేదు. మొత్తం ఊడాక, "ఇప్పుడెక్కించండి చూద్దాం" అంది మొగుడితో. క్యాసెట్ నా చేతిలో పెట్టింది. "తీసుకుపో బాబూ. మా చేతికి చిక్కనివ్వకు."

మొన్న విజయవాడలో ఒక స్నేహితుడి ఇంట్లో చూశాను. మ్యాచ్ తిప్పలేదు. గడ్డపోడు అవుటయ్యాడు. చుక్కలు వచ్చాయి. తర్వాత మామయ్య, గడ్డి మీద గొంతుక్కూర్చుని పండు కోస్తున్నాడు. తీపిగా ఉందా అని టీవీ అతను అడిగాడు. "నన్నడిగితే ఉందనే అంటానండీ. మా ఇంటావిడ చెప్పాలి" అని నవ్వి, చాకు మీదే ముక్కను పక్కకు చాపాడు. తెర అంచులోంచి ఒక చెయ్యి వచ్చింది. మట్టిగాజులు, మోచేతి దాకా గడ్డిపరకలు. ముక్క అందుకుని వెనక్కి వెళ్లిపోయింది. మామయ్య ఇంకా అటే చూస్తున్నాడు, ఆమె ఏమంటుందోనని.